విడిభాగాలతో క్రోనోగ్రాఫ్ వాచీ: మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఏ మెషీన్ సరిపోతుంది?

మూడు చిన్న డయళ్లు, కుడి పక్క రెండు బటన్లు, అంచు చుట్టూ వేగం చూపే టాకీమీటర్ అంకెలు. ఇలా స్టాప్‌వాచ్ కూడా కలిసి ఉన్న వాచీని క్రోనోగ్రాఫ్, పొట్టిగా క్రోనో అంటారు. అలాంటిది కట్టుకుని నెల్లూరులో ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చూస్తారు. షాపులో కొన్నది కాదు, సామాన్లు తెప్పించి బిగించింది అని చెప్పానంటే ఇక వదలరు. "నాకూ ఒకటి చేయించాలన్నా, ఏది తీసుకోమంటావు?" అని అడుగుతారు. నాలుగేళ్లలో ఐదు క్రోనోగ్రాఫ్‌లు బిగించాను. కొన్ని నా అంతట నేను, కొన్ని చిన్నబజారులో వాచీలు రిపేరు చేసే ఒక పెద్దాయన పక్కన కూర్చుని. ఆ అనుభవంతో ఇది రాస్తున్నాను.

చాలామంది ముందు డయల్ బొమ్మ చూసి మనసు పారేసుకుంటారు. అది కొన్నాక దానికి సరిపోయే మెషీన్ వెతుకుతారు. డబ్బు పోయేది అక్కడే. లోపలి మెషీన్‌ను బట్టే డయల్ మీద చిన్న ముళ్ల రంధ్రాలు ఎక్కడ ఉండాలో, కేస్‌కి (మెషీన్ కూర్చునే లోహపు గూటికి) బటన్లు ఏ ఎత్తులో ఉండాలో, ముళ్ల గొట్టాలు ఎంత సన్నగా ఉండాలో తేలుతుంది. మెషీన్ ఎంచుకున్నారంటే వాచీ ముఖం కూడా ఎంచుకున్నట్టే. అందుకే ఇక్కడ పోలిక అంతా మెషీన్ల మధ్యే: జపాన్ సీకో వీకే63, చైనా సీగల్ ఎస్‌టీ1901, స్విస్ వాల్జూ 7750 (దాని జోడు సెల్లిటా ఎస్‌డబ్ల్యూ500).

ముందుగా చూసుకోవాల్సినవి

మొదటిది, అన్నిటికంటే పెద్దది: మూడేళ్ల తర్వాత ఈ వాచీ వెనక మూత ఎవరు విప్పుతారు? మన ఊళ్లలో సెల్ మార్చేవాళ్లు వీధికొకరు ఉన్నారు. కీ ఇచ్చే పాత వాచీ బాగుచేసే చెయ్యి ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. క్రోనోగ్రాఫ్ పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేసి మళ్లీ కూర్చగలిగిన వాళ్ల కోసమైతే చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే.

రెండోది ఉప్పుగాలి, చెమట. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మామూలు వాచీకి గాలి, నీరు దూరే దారి పక్కన ఒకటే, కీ దగ్గర. క్రోనోగ్రాఫ్‌కి రెండు బటన్లతో కలిపి మూడు.

మూడోది మందం. ఫుల్ హ్యాండ్ చొక్కా కఫ్ కింద ఇమడాలా, అక్కర్లేదా?

నాలుగోది మొత్తం ఖర్చు. మెషీన్ ధర ఒక్కటే చూసుకుంటే లెక్క తప్పుతుంది. కేస్, డయల్, ఆరు ముళ్ల సెట్టు, గ్లాస్, బెల్టు, పనిముట్లు, కొరియర్ అబ్బాయి గుమ్మం దగ్గర అడిగే కస్టమ్స్ సుంకం, అన్నీ కలపాలి. ఇవి పోగా బిగించేటప్పుడు ఒక ముల్లో ఒక గ్లాసో పాడవుతుంది. దానికీ కొంత పక్కన పెట్టుకోండి.

చివరిది తృప్తి. బటన్ నొక్కినప్పుడు వేలికి తగిలే ఆ 'టక్' కోసమే చాలామంది ఈ పనిలోకి దిగుతారు. దాన్ని లెక్కలోంచి తీసేయలేం.

| చూడాల్సింది | సీకో వీకే63 | సీగల్ ఎస్‌టీ1901 | వాల్జూ 7750 / సెల్లిటా ఎస్‌డబ్ల్యూ500 |
|---|---|---|---|
| నడిచేది దేనితో | సెల్. క్రోనో భాగం మెకానికల్ | రోజూ కీ ఇవ్వాలి | చెయ్యి కదలికతో ఆటోమేటిక్ |
| చిన్న డయళ్లు | 3, 6, 9 దగ్గర | 3, 9 దగ్గర | 6, 9, 12 దగ్గర |
| మెషీన్ మందం | సుమారు 5 మి.మీ. | సుమారు 6 మి.మీ. | 7.9 మి.మీ. |
| మెషీన్ ధర, నేను ఈ మధ్య విచారించినంతలో | మూడు నాలుగు వేలు | పదిహేను వేలు అటూ ఇటూ | యాభై వేల దగ్గర నుంచి |
| సర్వీసు | సెల్ మార్పు ఊళ్లోనే | పాత చేతులకు తెలిసిన పని, విడి సామాన్లు కష్టం | పెద్ద ఊళ్లలో శిక్షణ పొందినవాళ్లు |
| మొదటిసారి బిగించేవాళ్లు | చేయొచ్చు | పక్కన ఒకరుంటే చేయొచ్చు | వద్దు |

ధరలు డాలరుతో, సుంకంతో మారుతుంటాయి. ఏది ఎన్ని రెట్లు అన్న అంచనాకు మాత్రమే వాడుకోండి.

సీకో వీకే63: మన వాతావరణానికి నా మొదటి ఓటు

దీన్ని మెకా-క్వార్ట్జ్ అంటారు. టైమ్ నడిపేది సెల్, క్వార్ట్జ్. స్టాప్‌వాచ్ భాగం మాత్రం మీటలతో, గుండె ఆకారపు క్యామ్‌తో (మీటలను కదిలించే బిళ్లతో) నడిచే మెకానికల్ ఏర్పాటు. స్టాప్‌వాచ్ నొక్కితే మధ్యనున్న పెద్ద సెకండ్ల ముల్లు సెకనుకు ఐదు అడుగులు వేస్తుంది కాబట్టి మామూలు సెల్ వాచీలా తడబడుతూ కాకుండా జారుతున్నట్టు కనిపిస్తుంది. రీసెట్ నొక్కగానే ముల్లు చుట్టూ తిరుగుతూ రాదు, ఒక్క దెబ్బన 12 మీదికి వచ్చి నిలబడుతుంది. ఇంత తక్కువ ధరలో ఈ సుఖం ఇంకెక్కడా లేదు.

చిన్న డయళ్లు 3, 6, 9 దగ్గర ఉండటం దీని ఇంకో బలం. 1957లో వచ్చిన ఒమేగా స్పీడ్‌మాస్టర్, 1963లో వచ్చిన రోలెక్స్ డేటోనా, జనం కలలుగనే ఆ రెండు వాచీల ముఖం ఈ అమరికే. అందుకే లగ్జరీ తరహా డయళ్లు, కేసులు దీనికే ఎక్కువ దొరుకుతాయి.

ఇక లోటుపాట్లు. 3 దగ్గరున్న చిన్న ముల్లు 24 గంటల ముల్లు మాత్రమే. క్రోనోగ్రాఫ్ గంటలు లెక్కపెట్టదు. 9 దగ్గర 60 నిమిషాల లెక్క ఉంటుంది, అంతటితో సరి. ఆ 24 గంటల ముల్లు పెద్ద గంటల ముల్లుతో కలిసి తిరుగుతుంది. బిగించేటప్పుడు రెండింటినీ ఒకే సమయం చూపేలా పెట్టకపోతే మధ్యాహ్నం రెండు గంటలకు వాచీ అర్ధరాత్రి రెండు అంటుంది.

కొన్నవాళ్లు కంగారుపడే విషయం ఇంకోటుంది. స్టాప్‌వాచ్ నొక్కనప్పుడు మధ్య సెకండ్ల ముల్లు 12 మీద కదలకుండా ఉంటుంది. నేను మొదటి వాచీ మా నాన్న చేతికి పెట్టినప్పుడు నిమిషం సేపు చూసి, "సెకండ్ల ముల్లు ఆగిపోయిందేందిరా?" అన్నారు. 6 దగ్గర చిన్న డయల్‌లో తిరుగుతున్న ముల్లు చూపించాక కుదుటపడ్డారు. వీకే64 అని దీని తమ్ముడొకటి ఉంది, దానికి రెండే చిన్న డయళ్లు. నిరంతరం తిరిగే సెకండ్ల ముల్లు దానికి అసలు ఉండదు. వాచీ నడుస్తున్నదో లేదో కంటితో చూసుకునే అలవాటున్న పెద్దవాళ్లకు వీకే64 ఇవ్వకండి.

సెల్ నంబరు ఎస్‌ఆర్936ఎస్‌డబ్ల్యూ. మూడేళ్ల దాకా వస్తుంది. నెలకు 20 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ లెక్క. సెల్ అయిపోయిన వాచీని బీరువాలో పడేసి మరిచిపోతే మాత్రం సెల్ కారి మెషీన్ తినేస్తుంది. వాడనప్పుడు సెల్ తీయించి పెట్టండి.

సీగల్ ఎస్‌టీ19: మనసు దోచేది, ఓపిక అడిగేది

ఈ మెషీన్ కథ తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో వీనస్ 175 అనే క్రోనోగ్రాఫ్ మెషీన్ ఉండేది. 1960ల మొదట్లో దాన్ని తయారుచేసే యంత్రసామగ్రిని చైనా కొనుక్కుని, తమ వైమానిక దళ పైలట్ల వాచీల కోసం వాడుకుంది. ప్రాజెక్ట్ 304 అని దానికి పేరు. ఇవాళ మనం తెప్పించుకునే ఎస్‌టీ1901 (పొట్టిగా ఎస్‌టీ19) ఆ వంశంలోదే.

వెనక గ్లాస్ మూత పెట్టించారంటే లోపల కాలమ్ వీల్ కనిపిస్తుంది. కోట బురుజు మీద పళ్లలాగా చుట్టూ చిన్న స్తంభాలున్న చక్రం అది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక మెట్టు తిరుగుతుంది. మీటలు ఆ స్తంభాల మధ్య సందుల్లోకి దిగుతూ, పైకి లేస్తూ క్రోనోగ్రాఫ్‌ను నడుపుతాయి, ఆపుతాయి. మా అమ్మాయికి ఇది చూపిస్తే గంటసేపు బటన్లు వదల్లేదు. ఇంత పని కళ్ల ముందు కనిపించే మెషీన్ ఈ ధరలో ఇంకోటి నేను చూడలేదు. దీనికి చిన్న డయళ్లు 3, 9 దగ్గర ఉంటాయి. నిమిషాల లెక్క 30 వరకే. కాబట్టి వాచీకి పాతకాలపు పైలట్ వాచీల అందం వస్తుంది, డేటోనా ముఖం రాదు. మూడు చిన్న డయళ్లున్న రకాలు కూడా ఈ కుటుంబంలో ఉన్నాయి కానీ వాటి సామాన్లు వెతకడం ఎక్కువ శ్రమ.

రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి. క్రోనో నడుస్తుండగా రీసెట్ నొక్కకూడదు. ముందు ఆపాలి, తర్వాతే రీసెట్. ఈ అలవాటు లేనివాళ్ల చేతికి ఇది ఇస్తే నాలుగు రోజుల్లో రిపేరుకొస్తుంది. పైగా మెషీన్ మెషీన్‌కీ తేడా ఉంటుంది. నేను తెప్పించిన రెంటిలో ఒకటి రోజుకు పది సెకన్ల లోపు తేడాతో నడిచింది. రెండోది నూనె సరిగా లేక మూడో నెలలో నిమిషాల ముల్లు మొరాయించింది. పెద్దాయన విప్పి కడిగి ఇచ్చారు. "ఇది మా కాలం పనే అబ్బయా, చెయ్యి గుర్తుపట్టింది" అన్నారు. కానీ ఒక చిన్న స్ప్రింగ్ విరిగి ఉంటే ఆయన కూడా ఏమీ చేయలేకపోయేవారు. దీని విడి సామాన్లు దొరకడం కష్టం, చాలాసార్లు మెషీన్ మొత్తం మార్చుకోవడమే దారి.

ఇక్కడ నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. "క్రోనోగ్రాఫ్ కేస్" అని రాసి ఉంది కదా అని అమ్మకందారుని ఒక్క మాట అడక్కుండా కేస్ తెప్పించాను. తీరా చూస్తే అది వీకే63 కోసం చేసింది. ఎస్‌టీ19 అందులో కూర్చుంది కానీ బటన్ కొన మీట పైనుంచి పోతోంది, తగలడం లేదు. తిరిగి పంపే ఖర్చు కేస్ ధరలో సగం. కేస్ కొనేటప్పుడు ఏ మెషీన్ నంబరుకో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

వాల్జూ 7750, సెల్లిటా ఎస్‌డబ్ల్యూ500

1970ల మొదట్లో ఎడ్మాన్ కాప్ట్ రూపొందించిన 7750, ఖరీదైన స్విస్ బ్రాండ్లు ఎన్నో దశాబ్దాలుగా తమ వాచీల్లో వాడుకున్న మెషీన్. దీన్ని తయారుచేసే ఈటీఏ బయటివాళ్లకు అమ్మడం తగ్గించాక అదే కొలతలతో సెల్లిటా ఎస్‌డబ్ల్యూ500 ఆ చోటు భర్తీ చేసింది. గట్టి మెషీన్. కాలమ్ వీల్ బదులు క్యామ్ ఉంటుంది కాబట్టి స్టార్ట్ బటన్ కాస్త బిర్రుగా ఉంటుంది. వెనకనున్న రోటర్ (చెయ్యి కదిలితే తిరిగే బరువు బిళ్ల) ఒకవైపు తిరిగినప్పుడే కీ ఇస్తుంది. ఇంకోవైపు ఖాళీగా గిర్రున తిరుగుతుంది. అప్పుడు మణికట్టు మీద చిన్న ఊపు తెలుస్తుంది. కొందరికి అది ఇష్టం, నాకూ ఇష్టమే.

మందం మాత్రం చూసుకోవాలి. మెషీనే 7.9 మి.మీ. ఉంటే కేస్, గ్లాస్ కలిపి 14, 15 మి.మీ. అవుతుంది. సన్న మణికట్టు మీద డబ్బా పెట్టినట్టు ఉంటుంది. కొనే ముందు అట్టముక్కలు ఆ మందానికి పేర్చి, వాటిని చేతికి కట్టి చూసుకోండి. కేస్, ముళ్లు, డయల్ అన్నీ కలిపితే లక్ష దాటే అవకాశం ఉంది. ఆ డబ్బుకి గ్యారంటీ కార్డుతో సహా కంపెనీ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లు దొరుకుతున్నాయి. సొంత డయల్ మీద గట్టి పట్టుదల ఉంటే తప్ప ఈ దారి ఎవరికీ చెప్పను.

1969లో వచ్చిన సీకో 6139 లాంటి పాత ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌ల ముక్కలు ఏరుకుని ఒక వాచీగా కూర్చడం ఇంకో దారి. మన దేశంలో తిరిగే వాటిలో చాలావాటికి డయల్ మళ్లీ రంగు వేసినదే ఉంటుంది, లోపల మూడు వాచీల సామాను ఒక్కటై ఉంటుంది. అనుభవం లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

డయల్ మీద ఎవరి పేరు?

ఇది తేల్చి చెప్పాల్సిన మాట. మూడు చిన్న డయళ్లు, టాకీమీటర్ అంచు ఎవరైనా వాడుకోవచ్చు. రోలెక్స్ కిరీటం గుర్తు, ఒమేగా పేరు మాత్రం వాళ్ల సొత్తు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం తప్పుడు గుర్తు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, కష్టపడి సొంతంగా బిగించిన వాచీ మీద ఇంకొకరి పేరు ఎందుకు? పేరు లేని డయళ్లు దొరుకుతాయి. మీ గుర్తు ముద్రించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

నా మూడో వాచీకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రంగు తీసుకున్నాను. నల్లటి నేల మీద బంగారు రేణువులు చల్లినట్టుంటుంది ఆ రాయి. ముందు రాయినే పలుచగా కోయించి డయల్ చేయిద్దామనుకున్నాను. ముళ్లు నిలబడే కడ్డీల ఎత్తు మెషీన్‌లోనే ఖాయమై ఉంటుంది, డయల్ మందమైతే ముల్లు పట్టు దొరకదు. పైగా మూడు రంధ్రాలు వేసేలోగా రాయి పగిలింది. చివరికి ఇత్తడి డయల్ మీద అదే రంగు వేయించాను. అంకెలు తెలుగువి: ౧౨, ౧, ౨, ౪, ౫, ౭, ౮, ౧౦, ౧౧. 3, 6, 9 చోట్లు చిన్న డయళ్లకు పోతాయి కాబట్టి ఆ మూడు అంకెలూ రావు. తెలుగు అంకెల డయల్ కావాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని గీయించుకోండి.

టాకీమీటర్ అలంకారం మాత్రమే కాదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒంగోలు బస్సులో కూర్చుని ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కండి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. 40 సెకన్లు పడితే ముల్లు అంచు మీద 90 చూపిస్తుంది. అదే బస్సు వేగం.

గ్లాస్, కేస్

గ్లాస్ విషయంలో ఆలోచించకండి, సఫైర్ (అంత తేలిగ్గా గీతలు పడని గట్టి గాజు) తీసుకోండి. కేస్ 316ఎల్ స్టీల్ అని రాసి ఉండాలి. పూత పూసిన ఇత్తడి కేస్ మన చెమటకు ఒక వేసవిలోనే రంగు వదులుతుంది. వెనక మూత రబ్బరు రింగుకి, బటన్ల రింగులకి సిలికాన్ గ్రీజు రాయాలి. నీళ్లను 50 మీటర్ల దాకా తట్టుకుంటుందని రాసి ఉందని రొయ్యల గుంటలో చెయ్యి పెట్టకండి. తడి చేత్తో బటన్లు నొక్కకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. ఆ తేమలో వాచీ మూసేస్తే లోపల చిక్కిన తడి తర్వాత గ్లాస్ లోపలివైపు ఆవిరై కనిపిస్తుంది. ఏసీ గదిలో, ఫ్యాన్ ఆపి, సిలికా జెల్ పొట్లాలు దగ్గర పెట్టుకుని బిగించండి. చీమకుర్తి వైపు వాళ్లకు రాతి దుమ్ముతో ఇంకా జాగ్రత్త అవసరం.

ఎవరు బిగించాలి?

ముల్లు నొక్కే ప్రెస్, ముల్లు లాగే పనిముట్టు, ట్వీజర్, ఐ గ్లాస్, గాలి బ్లోయర్, మూత విప్పే తాళం, ఇవన్నీ మూడు నాలుగు వేలల్లో వస్తాయి. అసలు కష్టం మధ్య సెకండ్ల ముల్లు దగ్గర ఉంటుంది. ముందు రీసెట్ రెండు మూడు సార్లు నొక్కి మెషీన్‌ను సున్నాకి తేవాలి. ముల్లు కొన సరిగ్గా 12 గీత మీద ఉందని ఐ గ్లాస్‌లో చూసుకుని కొద్దిగా నొక్కాలి. స్టార్ట్, స్టాప్, రీసెట్, ఇలా పది సార్లు. ప్రతిసారీ గీత మీదికే వస్తుంటే అప్పుడు పూర్తిగా దించాలి. నా మొదటి వాచీలో ముల్లు అర సెకను పక్కకు పోయింది. తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. మూడోసారికి ముల్లు రంధ్రం వదులైపోయింది. ఆ తర్వాత రీసెట్ కొట్టిన ప్రతి దెబ్బకీ కాస్త జారేది. కొత్త ముళ్ల సెట్టు కోసం ఐదు వారాలు ఎదురుచూశాను. "తొందరపడబాక అబ్బయా, ముందు నిలబెట్టు, చూడు, తర్వాత దించు" అని పెద్దాయన అప్పుడు చెప్పిన మాటే ఇప్పుడు మీకు చెబుతున్నాను. ముళ్ల సెట్లు రెండు తెప్పించుకోండి.

సామాన్ల కోసం ఒకప్పుడు అందరూ వాడిన అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో మన ప్రభుత్వం ఆపేసింది. ఇప్పుడు ఈబేలో, వాచీ సామాన్లు మాత్రమే అమ్మే విదేశీ ఆన్‌లైన్ కొట్లలో వెతుక్కోవాలి. రబ్బరు రింగులు, బెల్టు పిన్నులు, సెల్, మామూలు గ్లాసులకు చెన్నై ప్యారిస్ కార్నర్ చాలు, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు.

మీరు ఎవరైతే ఏది

గుంటల మీద తిరిగే ఆక్వా రైతు, బండి మీద ఊళ్లు తిరిగే ఉద్యోగి అయితే వీకే63, 316ఎల్ కేస్, రబ్బరు బెల్టు. తోలు బెల్టు చెమటకు కుళ్లిపోతుంది.

అల్లుడికి పెళ్లిలో పెట్టాలనుకునే మామగారికి కూడా వీకే63 చెబుతాను, స్టీలు చైనుతో. వెనక మూత మీద పెళ్లి తేదీ చెక్కించండి. అల్లుడు రోజూ కీ ఇస్తాడన్న నమ్మకం ఉంటేనే ఎస్‌టీ19.

చేతిలో డబ్బు తక్కువున్న ఇంజనీరింగ్ విద్యార్థి వీకే63తో మొదలుపెట్టి, మొదటి వాచీ ఏడాది బాగా నడిచాక ఎస్‌టీ19 వైపు రావచ్చు. పనిముట్లు అవే పనికొస్తాయి.

మెషీన్ తిరగడం చూస్తూ కూర్చునే పిచ్చి ఉండి, దగ్గర్లో పాత చెయ్యి ఉన్న మెకానిక్ కూడా తెలిసినవాళ్లు ఎస్‌టీ19 తీసుకోండి. కొనకముందే ఆయన దగ్గరికి పోయి, "ఈ మెషీన్ మీరు విప్పుతారా?" అని అడగండి. ఆయన సరేనంటేనే ఆర్డర్ పెట్టండి.

చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పండగలకు ఊరికొచ్చేవాళ్లకు ఎస్‌డబ్ల్యూ500 సర్వీసు ఇబ్బంది ఉండదు. బిగించే పని మాత్రం అక్కడి వాచ్‌మేకర్‌కే ఇవ్వండి, ఆయన నీటి పరీక్ష కూడా చేసి ఇచ్చేలా మాట్లాడుకోండి.